పెండ్లి పత్రాలు – వంశచరిత్ర

మన ఇండ్లలో పొలం దస్తావేజులు, శిస్తు రసీదులు, తీరిన అప్పు తాలూకు ప్రామిసరీ నోట్లు తరతరాలుగా నిలిచి ఉంటాయి. పెండ్లి కాగితాలకు అంతటి భాగ్యం లేదు. పెండ్లి జరిగిన తరువాత లగ్నపత్రికతో ఎవరికీ పనిలేదు. శుభలేఖ చేరవలసినవారికి చేరిన కొన్నాళ్ళకే చిత్తుకాగితమవుతుంది. అందుచేతనే ఏ ట్రంకుపెట్టె అడుగునో పసుపు మరకలతో, మడతల వెంబడి చిరిగిన ఒక పాత పెండ్లి పత్రం దొరికితే, వంశచరిత్రను తెలుసుకోదలచినవారికి అది నిధివలె కనిపిస్తుంది. నిధి అన్న మాట నిజమే. కాని దానిని చదవడం మనం అనుకున్నంత సులభం కాదు. ప్రతి పత్రమూ ఏదో ఒక ప్రయోజనం కోసం పుడుతుంది. ఆ ప్రయోజనానికి సంబంధించినంతవరకు దాని మాట నమ్మదగినది. తక్కిన విషయాలలో దానిని సాక్షిని ప్రశ్నించినట్లు ప్రశ్నించవలసి ఉంటుంది.

పెండ్లి పత్రాలలో లగ్నపత్రిక, శుభలేఖ, ధ్రువపత్రం అనేవి వేరువేరు. లగ్నపత్రికను ఇరుపక్షాల పెద్దల సమక్షంలో పురోహితుడు వ్రాస్తాడు. శుభలేఖ బంధుమిత్రులకు ఆహ్వానం. ఈ రెండూ వివాహానికి ముందే పుట్టినవి. కనుక అవి పెండ్లి నిశ్చయమైనదని చెబుతాయే గాని జరిగినదని చెప్పవు. మైల వచ్చి ముహూర్తం మారిన సందర్భాలూ, సంబంధమే తప్పిపోయిన సందర్భాలూ ఉంటాయి. ధ్రువపత్రం వివాహానంతరం ప్రభుత్వాధికారి గాని, చర్చి గురువు గాని, ఖాజీ గాని ఇచ్చేది.

మొదట తేదీ సంగతి చూద్దాం. పాత లగ్నపత్రికలో క్రీస్తుశకం తరచుగా ఉండదు. 'శుక్ల నామ సంవత్సర ఫాల్గుణ మాసం' అని ఉంటుంది. ప్రభవాది సంవత్సరాలు అరవై. అరవై ఏండ్లకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది. శుక్ల సంవత్సరం 1869-70లో వచ్చింది, 1929-30లో వచ్చింది, 1989-90లో మళ్ళీ వచ్చింది. పత్రం తాతగారిదా, తాతకు తాతగారిదా అన్నది ఇక్కడే తేలాలి. శాలివాహన శకం వేసి ఉంటే చిక్కులేదు. దానికి 78 కలిపితే ఆ సంవత్సరం ఏ క్రీస్తుశకంలో మొదలైనదో తెలుస్తుంది. శకం 1851 అంటే 1929. శకం లేనప్పుడు తిథినీ వారాన్నీ పట్టుకోవాలి. ఒక తిథి ఒకానొక ఏట ఏ వారం వచ్చిందో పాత పంచాంగం చెబుతుంది. మూడు ఆవృత్తాలలోనూ తిథివారాలు రెండూ కలిసి రావడం అరుదు. అచ్చుపత్రమైతే అడుగున ముద్రాక్షరశాల పేరు ఉంటుంది. అదీ ఒక ఆధారమే.

ఈ సందర్భంలో విద్యార్థులు తడబడే చోటు ఒకటున్నది. 'శు॥' అన్నది పక్షాన్ని సూచించే శుద్ధం. సంవత్సరం పేరైన శుక్లతో దానిని కలపరాదు. మరొకటి, 'బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం' అనే పలుకుబడి. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ఇంగ్లీషు లెక్కలో అర్ధరాత్రితో మొదలవుతుంది. రాత్రి రెండు గంటలకు తాళి కట్టిన పెండ్లి పంచాంగం ప్రకారం బుధవారానిది, క్యాలెండరు ప్రకారం గురువారానిది. ఒకే వివాహానికి రెండు కాగితాలలో ఒక్కరోజు తేడాతో రెండు తేదీలు కనిపించినప్పుడు ఎవరో పొరబడ్డారని తొందరపడి తీర్మానించకూడదు. ముహూర్తం గడియలలో ఉంటే గడియకు ఇరవై నాలుగు నిమిషాల చొప్పున సూర్యోదయం నుండి లెక్కించుకోవాలి.

నిజాం రాజ్యంలోని సర్కారీ కాగితాలలో ఫసలీ సంవత్సరాలు ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన క్రీస్తుశకం వస్తుంది. అక్కడ ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది, మద్రాసు రాజధానిలో జూలైలో మొదలయ్యేది. ఆజర్, దై, బహమన్ అన్న నెలల పేర్లు కనబడితే అది హైదరాబాదు ఫసలీ అని పోల్చుకోవచ్చు.

ఊరి పేరుతో పాటు వ్రాసిన తాలూకా, జిల్లాలు కూడా కాలాన్ని చెబుతాయి. ఒంగోలు తాలూకా 1904కు పూర్వం నెల్లూరు జిల్లాలోది. ఆ ఏట గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1970లో నేటి ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలలేదు, దాని జిల్లా రెండుసార్లు మారింది.

ఇక పేర్లకు ముందున్న పొడి అక్షరాలు. 'చి॥ ల॥ సౌ॥' అనగా చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి. 'కీ॥ శే॥' అనగా కీర్తిశేషులు. ఆ పేరుగల వ్యక్తి అప్పటికే మరణించినట్లు. 'గం॥ భా॥ స॥' అనగా గంగాభాగీరథీ సమానురాలు. భర్త గతించిన స్త్రీకి గౌరవసూచకంగా వాడిన మాట ఇది. వధువు తల్లి పేరుకు ముందు ఈ అక్షరాలుంటే, తండ్రి పేరుకు ముందు కీర్తిశేషులన్న మాట లేకపోయినా, ఆయన అప్పటికే లేడని గ్రహించాలి. 'మ॥ రా॥ రా॥ శ్రీ' అన్నది మహారాజరాజశ్రీ. ఇది కేవలం మర్యాదకు వ్రాసే మాట. దీనిని చూసి తమ పూర్వులు సంస్థానాధీశులని చెప్పుకొనేవారు లేకపోలేదు! సోమయాజి, దీక్షితులు వంటివి మాత్రం మొదట యజ్ఞం చేసిన వ్యక్తికి చెందిన బిరుదులు. తరువాత మనుమలకు ఉత్త పేర్లుగా దిగివచ్చాయి. కనుక ఆ పేరుగల ప్రతివాడూ యజ్ఞం చేసినవాడు కాడు.

కన్యాదాన సమయంలో ప్రవర చెబుతారు. గోత్రమూ, గోత్రఋషులూ, ఆ వెంట ముత్తాత, తాత, తండ్రి పేర్లూ వరుసగా వస్తాయి. ఇరుపక్షాల ప్రవరలనూ లగ్నపత్రికలో వ్రాసుకొన్న కుటుంబాలవారు అదృష్టవంతులు. ఒకే కాగితంతో రెండు వంశాలలో మూడేసి తరాలు తెలుస్తాయి. అయితే దత్తత వెళ్ళినవాని ప్రవర దత్తత తీసుకొన్నవారి వంశాన్ని చెబుతుంది. కన్నవారి వంశాన్ని చెప్పదు. అన్నదమ్ములిద్దరి పత్రాలలో గోత్రాలు భిన్నంగా ఉంటే మొదట దత్తతను అనుమానించాలి. అల్లుడు ఇల్లరికం వచ్చిన ఇంట ఇంటిపేరు మారదు, ఊరు మారుతుంది. మేనరికాలు సాగిన కుటుంబాలలో అవే రెండు ఇంటిపేర్లు తరం విడిచి తరం ఎదురుపడి, వంశవృక్షం తీగలు పెనవేసుకొన్న పందిరిలాగా తయారవుతుంది.

అన్నిటికంటె జాగ్రత్తగా చదవవలసినది వయస్సు. లగ్నపత్రికలో వధూవరుల వయస్సు ఉండదు; అది అడిగే ప్రశ్న కాదు. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' తొలి ముద్రణ పీఠికలో (1897) ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో మూడేండ్లలో శుల్కం పుచ్చుకొని చేసిన వివాహాల జాబితా తయారు చేయించారట. అందులో 1034 వివాహాలు లెక్కకు వచ్చాయి. వధువులలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. శుల్కం తీసుకొన్నామని ఒప్పుకోవడానికి ఎవరికీ ఇష్టముండదు గనుక ఆ జాబితా సమగ్రం కాదని కూడా ఆయన సూచించారు. ఆ 1034 వివాహాలలో ఎన్నింటికి లగ్నపత్రికలు వ్రాసినా, వాటిలో పసిపాపకూ, పదేండ్ల పిల్లకూ ఒకే సంబోధన: చి॥ ల॥ సౌ॥. చేతులు మారిన సొమ్ము ప్రసక్తి అక్కడ ఉండదు.

బాల్యవివాహం జరిగిన ఇంట పెండ్లికీ కాపురానికీ మధ్య ఏండ్లు గడిచేవి. పిల్ల పెద్దదైన తరువాత పునస్సంధానం జరిపి అత్తవారింటికి పంపేవారు. ఈ సంగతి తెలియకపోతే వంశవృక్షం గీసేవారు పెండ్లికీ తొలి సంతానానికీ నడుమ ఎనిమిదేండ్ల ఎడం చూసి, ఆ మధ్యకాలంలో పుట్టి పోయిన బిడ్డలున్నారనో, ఈమె రెండవ భార్య అనో ఊహించే ప్రమాదమున్నది. ద్వితీయ వివాహాలూ ఆ రోజులలో ఉన్నవే; మద్రాసు రాష్ట్రంలో హిందువులకు బహుభార్యాత్వాన్ని నిషేధించిన చట్టం 1949లో గాని రాలేదు. కాని ఊహకు ఒక ఆధారం ఉండాలి కదా.

ఇప్పుడు శుక్ల సంవత్సరం దగ్గరకు మరల వద్దాం. అది 1929 ఏప్రిల్‌లో మొదలై 1930 మార్చి చివర ముగిసింది. బాల్యవివాహ నిరోధక చట్టం, అనగా హరవిలాస్ శారద ప్రతిపాదించిన శారదా చట్టం, 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. వధువుకు పద్నాలుగు, వరునికి పద్దెనిమిది ఏండ్లు నిండాలని అది విధించింది. ఆ గడువు ముంచుకు రాకముందే పిల్లల పెండ్లిండ్లు ముగించాలని దేశమంతటా ఆరాటపడ్డారు. కనుక ఆ సంవత్సరం మాఘ ఫాల్గుణాలలో ఒకే ఇంట ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల లగ్నపత్రికలు కనిపిస్తే, ఆ ఇంటివారు ఏదో శుభయోగం చూసి పెండ్లిండ్లు చేశారని అనుకోనక్కరలేదు. ఆ ముహూర్తం పంచాంగం పెట్టినది కాదు, శాసనం పెట్టినది.

చట్టం వచ్చిన తరువాత కూడా కొందరు దారులు వెదికారు. అది బ్రిటిష్ ఇండియాకే వర్తిస్తుంది. గోదావరి తీరాన ఉన్న యానాం అప్పట్లో ఫ్రెంచివారిది. చుట్టుపట్ల గ్రామాలవారు పిల్లలను తీసుకొని ఏరు దాటి యానాం వెళ్ళి పెండ్లిండ్లు చేసుకొని వచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురమన్న పేరు అందువల్లనే వచ్చిందని చెబుతారు. 1930 తరువాతి శుభలేఖలో వివాహస్థలం యానాం అని ఉండి, ఇరువైపుల చిరునామాలూ బ్రిటిష్ గోదావరి జిల్లాలవే అయితే, మన పూర్వులు యానాం వాస్తవ్యులని వ్రాసుకోకూడదు. వధువు వయస్సు ఎంతయి ఉంటుందో ఆలోచించాలి. నాకు తెలిసినంతలో, ఒక ఊరి పేరు ఒక పసిపిల్ల వయస్సును ఇంత స్పష్టంగా చెప్పే చోటు మరొకటి లేదు.

సర్కారీ ధ్రువపత్రాలలో వయస్సు గడి ఉంటుంది. ఉన్నంతమాత్రాన అది సత్యమని కాదు. 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ఇరవై ఒకటి నిండనివారికి తండ్రి గాని సంరక్షకుడు గాని అనుమతి ఇవ్వాలి. ఇంట్లో ఒప్పుకోని పెండ్లి చేసుకొనే యువకుడు ఆ గడిలో ఏ అంకె వేయించడానికి మొగ్గుతాడో చెప్పనక్కరలేదు. జనన నమోదు లేని రోజులలో సరైన వయస్సు చెప్పాలనుకొన్నవారికే అది తెలిసేది కాదు. అదే చట్టంలో మరొక విచిత్రమున్నది. వధూవరులు తాము హిందూ, క్రైస్తవ, మహమ్మదీయాది మతాలలో దేనినీ అవలంబించడం లేదని ప్రకటించవలసి ఉండేది. బ్రహ్మసమాజికులు, సంస్కరణవాదులు చాలామంది ఆ ప్రకటన మీద సంతకాలు చేశారు. 1923లో సవరణ వచ్చి హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము మతాన్ని విడువకుండానే ఆ చట్టం కింద పెండ్లాడే వీలు కలిగింది. 1954 నాటి కొత్త చట్టంలో ఆ ప్రకటన అవసరమే లేకపోయింది. కనుక 1923కు ముందరి పత్రంలో 'హిందూమతం అవలంబించను' అని ముత్తాత సంతకం కనిపిస్తే, ఆయన నాస్తికుడైనాడని గాని, మతం మారాడని గాని చెప్పలేము. కులం దాటి పెండ్లాడడానికి చట్టం చూపిన ద్వారం అది ఒక్కటే అయి ఉండవచ్చు.

ధ్రువపత్రం మీది తేదీ వేరు, వివాహ తేదీ వేరు. 1955 హిందూ వివాహ చట్టం నమోదుకు అవకాశం కల్పించిందే గాని, నమోదు కాని పెండ్లి చెల్లదనలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002లో వచ్చింది. అందువలన పాస్‌పోర్టు కోసమో, పింఛను కోసమో, విదేశంలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళడానికో ముప్పై నలభై ఏండ్ల తరువాత నమోదు చేయించుకొన్న దంపతులు ఎందరో ఉన్నారు. అటువంటి పత్రంలోని సాక్షులు పెండ్లినాటి పెద్దలు అయి ఉండనక్కరలేదు.

క్రైస్తవ వివాహాలకు 1872 నాటి మరొక చట్టం ఉన్నది. ఆ రిజిస్టర్లలో వధూవరుల పేర్లు, వయస్సు, వృత్తి, నివాసం, తండ్రుల పేర్లు, సాక్షుల సంతకాలు ఉంటాయి. 'స్పిన్‌స్టర్' అంటే అవివాహిత, 'విడో' అంటే భర్త గతించినది. నివాసం గడిలో ఉన్నది పెండ్లినాటి నివాసం, స్వగ్రామం కాకపోవచ్చు. తండ్రిది హిందూ పేరు, కుమారునిది బైబిలు పేరు అయితే మతం మారిన తరం ఏదో ఊహించవచ్చు. సంతకానికి బదులు గీటు పెట్టి ఉంటే ఆ వ్యక్తికి చదువు లేదని సాధారణంగా గ్రహిస్తాము. తెలుగు ఇంటిపేరును దొరలు తమ చెవికి తోచినట్లు ఇంగ్లీషులో వ్రాశారు. ఒకే ఇంటిపేరు మూడు విధాలుగా కనిపించవచ్చు. చదివేటప్పుడు పైకి ఉచ్చరించి చూస్తే సగం చిక్కు విడిపోతుంది. ముస్లింల నికానామాలో వధువుకు చెల్లవలసిన మెహర్ మొత్తం, వకీలు, సాక్షులు నమోదవుతారు. నిజాం రాజ్యపు పత్రాలలో ఆ మొత్తం హాలీ సిక్కాలో ఉంటే అది నిజాం రూపాయి. ఇంగ్లీషు రూపాయితో సమానం కాదు.

పెండ్లికి కాగితం లేకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాకు వలసపోయిన మనవారికి అనుభవమైంది. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి ఒప్పంద కూలీలతో నేటాల్‌లోని డర్బను చేరింది. ఆ వలస 1911 వరకు సాగింది. కోస్తా జిల్లాల నుండి ఎందరో తెలుగువారు వెళ్ళారు. వారి కాగితాలలో ఇంటిపేరుకు గడి లేదు. వ్యక్తి పేరు, తండ్రి పేరు, ఊరు, ఒక సంఖ్య ఉండేవి. తరువాతి తరాలలో తండ్రి పేరో, నాయుడు వంటి గౌరవపదమో ఇంటిపేరుగా స్థిరపడింది. నేడు అక్కడినుండి వచ్చి తమ ఊరు వెదుక్కొనేవారికి ఇంటిపేరు కంటె ఆ సంఖ్యయే ఎక్కువగా తోడ్పడుతుంది. 1913 మార్చిలో కేప్ న్యాయస్థానంలో జస్టిస్ సర్ల్ ఇచ్చిన తీర్పుతో, క్రైస్తవ విధి ప్రకారం జరగని భారతీయుల వివాహాలకు అక్కడ చట్టబద్ధత లేదని తేలింది. పంచభూతాల సాక్షిగా పెండ్లాడిన ఇల్లాలు చట్టం కంట భార్య కాకుండా పోయింది. గాంధీజీ నడిపిన సత్యాగ్రహంలో స్త్రీలు పెద్దయెత్తున చేరి జైళ్ళకు వెళ్ళడానికి ఈ తీర్పు ఒక ముఖ్య కారణం. 1914లో వచ్చిన భారతీయుల ఉపశమన చట్టం ఆ వివాహాలను గుర్తించి నమోదుకు వీలు కల్పించింది. ఆ తరువాత నమోదైన పత్రంలో దంపతులకు అప్పటికే ఎదిగిన పిల్లలుంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇన్ని పత్రాలు చదివినా ఒక లోటు మిగిలే ఉంటుంది. ప్రవరలో ముత్తాత ఉంటాడు, ముత్తవ్వ ఉండదు. రిజిస్టరులో తండ్రి పేరుకు గడి ఉంటుంది, తల్లి పేరుకు తరచుగా ఉండదు. అత్తగారి పేరు, కోడలి పేరు ఒకటే అయిన ఇంట కోడలికి కొత్త పేరు పెట్టేవారు. అప్పుడు లగ్నపత్రికలోని పేరుతో ఆమె తరువాతి కాగితాలలో ఎక్కడా కనిపించదు. ఈ స్త్రీలను వెదకవలసిన చోట్లు వేరే ఉన్నాయి. ఒకటి, పసుపుకుంకుమల కింద ఆడపిల్లకు పొలం వ్రాసి ఇచ్చిన దస్తావేజు. అందులో ఆమె పేరు, తండ్రి పేరు, చాలావరకు భర్త పేరు కూడా ఉంటాయి. పత్రం రిజిస్టరై ఉంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు దొరికే అవకాశమున్నది. రెండవది మనం శుభకార్యాల సందర్భంలో తలచుకోనిది. పితృతర్పణాలలో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లిని, నాయనమ్మను, ఆమె అత్తగారిని, మాతామహాదులను కూడా పేరు పేరునా తలుస్తారు. అందుకోసం పూర్వులు పేర్లను ఒక చిన్న పుస్తకంలో వ్రాసి ఉంచుకొనేవారు. కొందరి ఇండ్లలో అది పంచాంగాల మధ్య ఉంటుంది, కొందరి ఇండ్లలో పుష్కరాలకు తీసుకువెళ్ళే సంచిలో ఉంటుంది. లగ్నపత్రికలో లేని ముత్తవ్వ పేరు అందులో దొరుకుతుంది.

అభ్యాసం

1. లగ్నపత్రిక, శుభలేఖ, ధ్రువపత్రాల మధ్య గల భేదాలను వివరించండి.
2. శుక్ల సంవత్సరం నాటి పెండ్లి పత్రాలను చదివేటప్పుడు గమనించవలసిన చారిత్రక నేపథ్యాన్ని తెలపండి.
3. 'గం॥ భా॥ స॥', 'మ॥ రా॥ రా॥ శ్రీ' – వీటిని విడదీసి వ్రాసి, వాటివలన తెలిసే, తెలియని విషయాలను పేర్కొనండి.
4. మీ ఇంట గాని, బంధువుల ఇంట గాని ఉన్న ఒక పాత పెండ్లి పత్రాన్ని పరిశీలించి, అందులో పేర్లు నమోదు కాని స్త్రీలు ఎవరెవరో పెద్దలను అడిగి వ్రాయండి.